అమావాస్య సిద్ధాంతం

గురువారం సాయంత్రం మిరప కల్లం మీద తూనీగ అనే బుల్లి హెలికాప్టర్ వెనక్కి ఒరిగి, తోక నేలకు కొట్టుకుని ఆగిపోయినప్పుడు ధనుంజయరావు దాని వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ ఎవరో పరాయివాళ్ళు తన దగ్గర మరిచిపోయి వెళ్ళినవైనట్టు, తిప్పి తిప్పి చూసుకుని, మెడలో వేలాడుతున్న ట్రాన్స్‌మిటర్ పెట్టె తీసి, పక్కనున్న శిష్యురాలు శిరీష మెడలో వేశాడు.

“ఆదివారం నువ్వే ఎగరెయ్యమ్మా. నా చేతులు పోయినయ్.”

రేడియోతో నడిచే చిన్న హెలికాప్టర్ అనేది విదేశీ పత్రికల బొమ్మల్లో తప్ప కనపడని రోజుల్లో, నాగార్జునసాగర్ పక్కన విజయపురి సౌత్‌లో డ్యాం గేట్ల ఇంజనీరుగా ఉంటూ, క్వార్టర్స్ వెనక రేకుల షెడ్డులో ఒకదాన్ని సొంతంగా తయారుచేసి గాల్లో నిలబెట్టిన మనిషి అతను. ఆ మొదటి యంత్రమే తూనీగ. చాలా ఏళ్ళు అటక మీద పడి ఉన్నదాన్ని శిరీష సాయంతో ఈ మధ్యే మళ్ళీ బతికించాడు. ఆదివారం హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఇలాంటి యంత్రాలు ఎగరేసేవాళ్ళు ఇప్పుడతను ఉంటున్న మాచర్లకు వస్తున్నారు. వాళ్ళకు తూనీగను చూడాలని ఉంది. అంతకంటే ఎక్కువగా, అమావాస్య సిద్ధాంతాన్ని అతని నోటి వెంట వినాలని ఉంది.

తూనీగకు ఒక గుణం ఉండేది. అమావాస్య వెళ్ళగానే ముక్కు బరువెక్కి ముందుకు వంగేది. పున్నమి దాటేసరికి ముక్కు తేలికై, తోక మీద కూర్చోవాలని చూసేది. నెలనెలా అదే వరస. ధనుంజయరావు దీన్ని ఏళ్ళ తరబడి గమనించి, చంద్రుడికీ సాగర్ నీళ్ళ మీది తేమకీ ముడిపెట్టి, ఒక ఇంగ్లీషు పత్రికలో వ్యాసం రాశాడు. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చదువుతూనే ఉన్నారు.

ఒక మాట నోరు దాటాక శరీరం దానికి లోబడిపోతుంది. ‘నా చేతులు పోయినయ్’ అన్న మర్నాడే అతను కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వెలుతురు కావాలని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాడు. చేతులకూ మెట్లకూ ఏం సంబంధమో తనను తాను అడగలేదు. ముసలితనం అంటే ఇన్నాళ్ళూ ఉన్న భయం, అది వచ్చేసిందని ఒప్పుకోగానే పోయింది. ఆ ఖాళీలోకి ఒక రకమైన విశ్రాంతి, సెలవు మంజూరైన ఉద్యోగికి ఉండేలాంటిది, వచ్చి కూర్చుంది. భార్య బసవమ్మ ఇదంతా చూసింది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆమె స్వభావం కాదు కనుక, ఇంట్లో ఏదో జరగబోతోందని పెరట్లో కోళ్ళకు కూడా తెలిసి ఉండాలి.

శనివారం పొద్దున్నే శిరీష తోకకు కొత్త రెక్కలు పట్టుకుని బండి మీద వచ్చింది. నాపరాయి క్వారీలో పనిచేసే గంగయ్య కూతురు ఆమె. పాలిటెక్నిక్ చదివి, మిరప చేల మీద డ్రోన్‌తో మందు కొట్టి సంపాదించుకుంటోంది. “డ్రోన్‌ది ఏముందమ్మా, అదే ఎగురుద్ది. హెలికాప్టర్‌ని మనం ఎగరెయ్యాల” అని ధనుంజయరావు ఒకసారి అన్న మాటకు రోషం వచ్చి అతని దగ్గర విద్య నేర్చుకుంటోంది.

వసారాలో తూనీగ ముక్కు మీది డొప్ప తీసి ఉంది. బసవమ్మ వంగి లోపలికి తొంగిచూసింది.

“ఏమే, దీని బొంత యాడుంది?”

ఆ బొంత సంగతి శిరీషకు తెలుసు. పెట్టె నుంచి వచ్చే సంకేతాన్ని అందుకునే చిన్న డబ్బాను ఇంజన్ అదురుకు పాడవకుండా పాతరోజుల్లో మెత్తటి దిండులో చుట్టి ముక్కులో పెట్టేవారు. తూనీగకు ఆ దిండు, ఆమె మాటలో బొంత, కుట్టింది బసవమ్మే. ఇంజన్‌లో పోసే ఇంధనంలో ఆముదం కలుస్తుంది. ఆ జిడ్డు చింది దిండు పాడవుతుందని నెలనెలా విప్పి కొత్తది కుట్టేది. “మా ఆవిడ తూనీగకు చేసిన సేవ అదొక్కటే. మిగతా అంతా భయపడటమే” అని సార్ నవ్వుతూ చెప్పేవాడు.

“పారేశా పెద్దమ్మా. జిడ్డు పట్టి రాయైపోయింది. కొత్త రిసీవర్‌కి బొంత అక్కర్లేదు గదా.”

“ఎప్పుడు పారేశావు?”

“బుధవారం.”

“అదీ సంగతి,” అంది బసవమ్మ. లేచి పెరట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేతిలో పాత జాకెట్టు గుడ్డ, సూదీ దారం ఉన్నాయి. రెండో చేతిలో నిమ్మకాయ ఉంది. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, నిమ్మకాయను గుడ్డలో పెట్టి, చుట్టూ దూది కూరి కుట్టడం మొదలుపెట్టింది.

శిరీషకు నవ్వాగలేదు. “దిష్టికా పెద్దమ్మా?”

“నవ్వుతావేందే? అది నిమ్మకాయ లేకుండా లేచింది యాడా? మొన్న లేవబోయింది, తోక ఇరగ్గొట్టుకుంది.”

“అంటే… పాత బొంతలో కూడా ఉందా?”

“లేకుండా ఎట్టా ఉంటది? మొదట్నించీ ఉంది.”

శిరీష నవ్వు మెల్లగా ఆగింది. చేతిలో ఉన్న రెక్కను నేల మీద పెట్టింది. “ఎంత కాయ?”

“ఎంతేంది? పెరట్లో చెట్టుది. కొత్తది కోడిగుడ్డంత ఉంటది.”

“నెలాఖరుకి?”

“ఇంజన్ వేడికి ఎండిపోదూ? గచ్చకాయంత అయిద్ది. అమావాస్యకి దాన్ని తీసేసి కొత్తది పెట్టేదాన్ని.”

శిరీష గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తూనీగ ముక్కు అమావాస్యకు బరువెక్కి, పున్నమి దాటేసరికి తేలికవడం అనే మహా రహస్యం, ఆముదం వాసన వేసే గుడ్డలో, దారపు ముడుల మధ్య, ఇప్పుడామె కళ్ళెదుట తయారవుతోంది. అంతలో గుమ్మంలోంచి ఒక గొంతు వచ్చింది.

“ఇంకోసారి చెప్పు.”

ధనుంజయరావు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బసవమ్మ సూది ఆపలేదు. “యాది చెప్పమంటారు? మొదట్నించా?”

“మొదట్నించే.”

“మొదటిసారి దీని కాలికి నిమ్మకాయా మిరపకాయలూ కడితే కత్తెరతో కత్తిరించి గోడ అవతల పారేశారు. గుర్తుందా? నాకు సైన్సు చెప్పారు. ఆ సాయంత్రమే రెక్క ఊడి మీ చెవి పక్కనుంచి పోయి షెడ్డు తలుపులో దిగబడింది. మీరు నవ్వుకుంటా లోపలికొచ్చి పెసరట్టు తిన్నారు. నేను తినలా. మూడు రోజులు తినలా. అది కూడా మీకు తెలవదు.”

“అదా… అది బోల్టు వదులై ఊడిందే. నిమ్మకాయకీ దానికీ…”

“నాకు బోల్టులు తెలవ్వు. బిగించటం నాకు రాదు. నాకు వచ్చింది కుట్టటం. అందుకని లోపల పెట్టి కుట్టేశా. మీరు కత్తిరించకుండా.”

మనిషికి మంచి వార్త వచ్చినప్పుడు మొదట సంతోషమే కలుగుతుందని అనుకుంటాం. ధనుంజయరావుకు కోపం వచ్చింది. కోపం నిమ్మకాయ మీద కాదు, తనకు తెలియకుండా ఇన్నేళ్ళు దాన్ని మోయించిన భార్య మీద కూడా కాదు. రెండు రోజులుగా అతను కష్టపడి ముసలివాడయ్యాడు. ఆ స్థితికి అలవాటు పడ్డాడు. పెట్టె అప్పగించేశాడు, గోడ పట్టుకోవడం నేర్చుకున్నాడు, ఇక తనను ఎవరూ ఏమీ అడగరన్న చిన్న సుఖం రుచి చూశాడు. ఇప్పుడీవిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ సుఖాన్ని అతని చేతుల్లోంచి లాగేసుకుంటోంది. చేతులు పోలేదు అంటోంది. పోకపోతే మళ్ళీ రేపు అందరి ముందూ నిలబడాలి. మళ్ళీ భయపడాలి.

“బరువు చూసేవాణ్ణే నేను!” అన్నాడు గట్టిగా. “ప్రతిసారీ బొంతతో సహా తూచేవాణ్ణి. ఒక్కోసారి ఒక్కో బరువు ఉండేది. తేమ పీల్చిందనుకున్నా. ఆ తేమ మీదే గదా వ్యాసం రాసింది!”

“తేమే గదా సార్,” అంది శిరీష, నేల వైపు చూస్తూ. “నిమ్మకాయలో తేమ.”

ధనుంజయరావు గ్లాసు కిటికీలో పెట్టాడు. ఒక్క చేత్తో పెట్టాడు. అది బసవమ్మ చూసింది, అతను చూసుకోలేదు. నేరుగా తూనీగ దగ్గరికి వచ్చి, పెద్ద రెక్కలు కలిసే ఇరుసును రెండు వేళ్ళతో పట్టుకుని యంత్రాన్ని పైకెత్తాడు. యంత్రం బరువు సమంగా ఉందో లేదో తెలుసుకోవడానికి అతను ఎప్పుడూ చేసే పని అదే. తూనీగ తోక కిందికి వేలాడింది.

“ఇటివ్వు,” అన్నాడు.

బసవమ్మ దారం పళ్ళతో తెంపి బొంత ఇచ్చింది. శిరీష దాన్ని ముక్కులో, పాత చోట, సర్దింది. మళ్ళీ రెండు వేళ్ళతో ఎత్తాడు. తూనీగ తోక మెల్లగా పైకి లేచి, తక్కెడ ముల్లు నిలిచినట్టు, నేలకు సమానంగా నిలిచింది.

అతను దాన్ని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. వేళ్ళు వణకలేదు. ఆ సంగతి ఇప్పుడు అతనికీ కనపడింది. గురువారం అతను పాత లెక్కల ప్రకారమే అంతా బిగించాడు. పాత లెక్కలన్నిటిలోనూ ఒక నిమ్మకాయ ఉంది. యంత్రానికి మనసుందని, దానికి చంద్రుడితో ఏదో స్నేహం ఉందని అతను ఇన్నేళ్ళూ లోలోపల నమ్మాడు. వ్యాసంలో రాయని నమ్మకం అది. మనసు ఉన్నమాట నిజమే. కాకపోతే అది యంత్రానిది కాదు. నెలకోసారి, అతను ఆఫీసుకు వెళ్ళాక, ఎవరికీ చెప్పకుండా భయాన్ని విప్పి, మార్చి, మళ్ళీ కుట్టుకునే మనిషిది.

“ఒకాయన జర్మనీ నుంచి రాశాడే,” అన్నాడు, యంత్రాన్ని దించి. “మీ సిద్ధాంతం ప్రకారం మూడేళ్ళు చూశాను, మా ఊళ్ళో అమావాస్యకి ఏమీ అవటంలేదు, ఎందుకు అని.”

“పాపం,” అంది బసవమ్మ. “ఆయన భార్య నిమ్మకాయ పెట్టలా.”

మొదట శిరీష పగలబడి నవ్వింది. తర్వాత ధనుంజయరావు. అతను నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకోబోయి, పట్టుకోకుండా, బసవమ్మ పక్కన నేల మీద కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “నేను ఏమని జవాబు రాశానో తెలుసా? మీ ఊరికి దగ్గర్లో పెద్ద జలాశయం ఉండి ఉండదు అని,” అన్నాడు. మళ్ళీ ముగ్గురూ నవ్వారు.

“అయితే,” అన్నాడు ఊపిరి కూడదీసుకుని, “క్యాంపుకెళ్ళి వచ్చినప్పుడల్లా దీని కాళ్ళ మీద గీతలు ఉండేవి. అవీ నీ పనేనా?”

“అది పిల్లి,” అంది బసవమ్మ. సూదిని దారపు ఉండకు గుచ్చడంలో అప్పుడామెకు చాలా శ్రద్ధ వచ్చింది. “కాలేషా అన్న చెప్పలా?”

కాలేషా డ్యాం గేట్ ఆపరేటర్, ధనుంజయరావును చూసి తనూ ఎగరేయడం నేర్చినవాడు. ఆ రోజుల్లో తూనీగ ఇంజన్ తిప్పి లేపడానికి అతని చెయ్యే కావాలి. అవును, పిల్లి అనే చెప్పేవాడు.

“పద శిరీషా,” అన్నాడు ధనుంజయరావు. “కల్లానికి.”

దుర్గి రోడ్డు పక్కన కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఒక వార మాత్రం ఖాళీ చేసి ఉంచారు. రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళలోంచి నాగులమ్మ, పెట్టెతో వస్తున్న ధనుంజయరావును చూడగానే లేచి నిలబడింది.

“ఓ ఇంజనీరు మావా! కాయల మీదికి తేమాకయ్యా! మొన్నటి ఘాటుకి నిన్నంతా తుమ్ముతానే ఉండాం.”

“ఈసారి నిటారుగా లేస్తదిలే నాగులమ్మా!”

“మొన్నా అదే మాట అన్నావు!”

బసవమ్మ అలవాటు చొప్పున కల్లం అవతలి చివరికి నడిచింది. సాగర్‌లో ఉన్నప్పటి నుంచీ ఆమె చోటు అదే. అతను ఇటు నిలబడి ఎగరేస్తుంటే, అటు చివర మేకలూ మనుషులూ అడ్డం రాకుండా అదిలించడం ఆమె పని. అంటే ఇన్నేళ్ళూ అతను తూనీగ వీపు చూశాడు, ఆమె దాని ముఖం చూసింది. ఇది అతనికి ఇవాళే తోచింది.

శిరీష ఇంజన్ లేపింది. ఆముదం పొగ కమ్మగా లేచింది. ధనుంజయరావు బొటనవేళ్ళు పెట్టె మీది మీటల్లాంటి పుల్లల మీద ఆన్చి, శ్వాస వదిలి, ఎత్తాడు.

తూనీగ లేచింది. తోక దించలేదు, ముక్కు దించలేదు. నడుమెత్తున, అక్కడే మేకు కొట్టి తగిలించినట్టు, నిలిచింది. అంతలో దాని గాలి మిరప దుమారాన్ని లేపింది. ముందు నాగులమ్మ తుమ్మింది, తర్వాత ఆమె వెనక వరసంతా. “ఇంజనీరు మావా, నీ దుంప తెగ!” అన్న కేక మధ్యలోనే ఇంకో తుమ్ముతో తెగిపోయింది. ఏరుతున్న చేటలు వదిలేసి, కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆడవాళ్ళంతా నవ్వుతూ, తుమ్ముతూ, చూస్తూ నిలబడ్డారు. శిరీష కళ్ళు ధారలు కడుతున్నాయి. ఆ నీళ్ళలో ఎంత మిరప ఘాటో, ఎంత కాదో ఆమెకే తెలియదు.

అతను తూనీగను మెల్లగా తిప్పి, ముఖం తన వైపు పెట్టాడు. ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన చోటు అదే. యంత్రం మనకు ఎదురు తిరిగి నిలబడితే మన కుడి దానికి ఎడమవుతుంది. బుద్ధి ఒకటి చెబుతుంది, వేలు ఇంకొకటి చేస్తుంది. శిరీషకు అతను ఎప్పుడూ చెప్పే సూత్రం ఒకటే: దాని కుర్చీలో కూర్చో, అక్కణ్ణించి చూడు. తూనీగ అతని ఎదుట కదలకుండా నిలిచింది.

“బసవా!” అని కేకేశాడు. “ఇటు రా! ఒక్కసారి నా పక్కనుంచి చూడు!”

ఆమె కల్లం అంచు వెంట, కాయలు తొక్కకుండా, నడిచి వచ్చింది. ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

“పట్టుకుంటావా?” అన్నాడు వేళాకోళంగా, పెట్టెను ఆమె వైపు కొంచెం జరిపి. ఆమె భయపడి వెనక్కి తగ్గుతుందని అతనికి తెలుసు. చాలా ఏళ్ళుగా తెలుసు.

బసవమ్మ చేతులు చాచింది. అతని బొటనవేళ్ళ కిందికి ఆమె బొటనవేళ్ళు వచ్చి పుల్లల మీద ఆనాయి. అతను తన వేళ్ళు తీయలేదు, పైన బలం ఉంచాడు. గాలి చిన్నగా తగిలి తూనీగ పక్కకు ఒరగబోయింది. అతను సవరించబోయాడు. అప్పటికే ఆ సవరింపు జరిగిపోయింది. అతని వేలి కింద ఆమె వేలు, అతని కంటే ముందు, వెంట్రుకవాసి కదిలి ఆగింది. ఎంత కదలాలో అంతే. ఎటు కదలాలో అటే. ఎదురు తిరిగి ఉన్న యంత్రానికి.

మరోసారి గాలి వచ్చింది. మరోసారి ఆమె వేలు ముందు.

ధనుంజయరావు తన వేళ్ళు ఎత్తేశాడు. పెట్టె పట్టీని ఆమె మెడలోకి జార్చాడు. తూనీగ ఆమె ఎదుట నిలిచే ఉంది. ఆమె దాన్ని ఒక చుట్టు తిప్పి, తోక చూపించి, మళ్ళీ ముఖం తనవైపు తెచ్చుకుంది. నాగులమ్మ తుమ్మడం మరిచిపోయింది.

అతను శిరీష వైపు తిరిగాడు. “నువ్వా నేర్పింది?”

“మీ తోడు సార్, నాకేం తెలియదు!”

“మరెవరే?”

“కాలేషా అన్న,” అంది బసవమ్మ, తూనీగ మీది చూపు తిప్పకుండా. “మీరు క్యాంపులకి పోయినప్పుడు. భయం వేసేదాన్ని దూరంగా పెడితే ఇంకా పెద్దదయిద్ది. అందుకని దగ్గరికి పోయి చూద్దామనిపించింది.”

“మరి గీతలు…”

“పిల్లి కాదు.”

ఇంతలో ఇంజన్ మోత సన్నబడింది. ఆ మార్పు అతని చెవికి తెలుసు. ఇంధనం అడుక్కు వచ్చింది.

“ఇక చాల్లే. దించెయ్.”

“దించటం రాదు నాకు.”

“ఏందీ?”

“దించే టయానికి కాలేషా అన్న పెట్టె లాక్కునేవాడు. దీనికేమన్నా అయితే మీరు ఊరుకోరని. ఎగరేయటం వరకే నేర్పాడు.”

ధనుంజయరావు చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి. నిబ్బరంగా ఉన్నాయి, ఇవాళ్టి పొద్దుటి కంటే కాదు, ఎన్నో ఏళ్ళ కంటే నిబ్బరంగా. పెట్టె అందుకుంటే చాలు, తూనీగ దూదిలా దిగుతుంది.

“లాక్కోమాకండి,” అంది బసవమ్మ. “చెప్పండి. దించుతా.”

మోత ఇంకో మెట్టు సన్నబడింది. ధనుంజయరావు తన రెండు చేతులనూ ఒకసారి చూసుకుని, వెనక్కి కట్టుకుని, ఆమె పక్కన, భుజానికి భుజం ఆనేలా నిలబడ్డాడు. చెయ్యి వెయ్యకుండా, మాటలతోనే తూనీగను దింపించడం అతనికి ఇదే మొదలు.

“దాని కుర్చీలో కూర్చో,” అన్నాడు.

“కూర్చున్నా. తర్వాత?”